మందు ఎన్ని రోజులకు దిగుతదో కొలిచి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్తే.

నేను వరంగల్ జిల్లా గీసుగొండ మండలంల ఒక బ్రాయిలర్ రైతును సార్, 5,000 కోళ్ళ షెడ్డు ఉన్నది, పదకొండేండ్ల సంది ఒక కంపెనీ కాంట్రాక్ట్ మీద పెంచుతున్న. పోయిన వారం మీ పేపర్ల జిల్లా పేజీల చికెన్‌ల యాంటీబయాటిక్స్ మిగులుతున్నయని రాసిన్రు. అది అబద్ధమని నేను అనను. కానీ ఆ వార్త వచ్చిన తెల్లారి మా ఊరి చాయ్ హోటల్ కాడ నలుగురు నన్ను ఆపి 'ఏం తమ్మీ, మా పిల్లలకు మందులు తినిపిస్తున్నవా' అని అడిగిన్రు, అందుల ఒకాయన మాకు చుట్టమే, ఆయన ఇంటికి ప్రతి దసరాకు కోడి మా షెడ్డు నుంచే పోతది. నాకు ఆ పూట అన్నం సయించలే. జవాబు చెప్దామంటే నా దగ్గర లెక్క లేదు. ఆ లెక్క లేకపోవుడు గురించే ఈ ఉత్తరం రాస్తున్న, జర పొడుగైతది, ఓపికతోని చదవండి.

ముందుగాల నా సంగతే చెప్త. పోయిన ఎండాకాలం బ్యాచ్‌ల 35 రోజులు దాటినంక కోళ్ళకు గురక పట్టింది. రాత్రి షెడ్డుల లైట్ బంద్ చేసి నిలబడితే గుర్ర్ గుర్ర్ అని ఒక మూల నుంచి ఇంకో మూలకు వినిపిస్తది, కోళ్ళు పెంచినోళ్ళకు ఆ చప్పుడు ఎరుకే. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లిక్విడ్ ఇచ్చిండు, నీళ్ళల్ల కలపాలె, కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు. ఒక్కో కోడి కిలో ఎనిమిది వందలు ఉంటే 5,000 కోళ్ళకు 9,000 కిలోలు, అంటే పది శాతం మందు రోజుకు 900 ఎంఎల్ పడ్తది. ఐదు రోజులు ఇచ్చినం, 40వ రోజుకు బంద్ చేసినం. 42వ రోజు రాత్రి పదకొండు గంటలకు కోళ్ళను ఎత్తుకపోయే లిఫ్టింగ్ బండి వచ్చి నిలబడ్డది. నేను అడిగిన, అన్నా మందు ఆపి రెండు రోజులే అయింది గదా అని. ఆ డ్రైవర్‌కు ఏం తెలుసు పాపం, ఆయనకు ఇచ్చిన చిట్టీల టైం ఉన్నది, బరువు ఉన్నది, మందు సంగతి లేదు. సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తలే. లోపలికి పోయి సీసా తెచ్చి టార్చ్ లైట్‌ల లేబుల్ చూసిన, విత్‌డ్రాయల్ అని ఉన్న కాడ నీళ్ళు తగిలి అక్షరాలు పోయినయి. కోళ్ళు ఎక్కించిన్రు. నేను కూడ చెయ్యేసిన, ఆ మాట దాచను.

విత్‌డ్రాయల్ అంటే తెల్వనోళ్ళకు ఒక్క మాట. మందు ఆపినంక కోడిని కోసేదానికి, లేదంటే గుడ్డు అమ్మేదానికి ఎన్ని రోజులు ఆగాలె అనే లెక్క అది. మన దేశంల దీనికి చట్టం లేదనుకునేరు, ఉన్నది. 2012ల డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌ల 97వ రూల్‌కు ఒక ముక్క కలిపిన్రు. తినే జంతువులకు వాడే మందు మీద ఈ రోజుల లెక్క రాయాలె, ఎవలన్నా కొలిచి తేల్చిన లెక్క లేకపోతే గుడ్లకు, పాలకు 7 రోజులకు తక్కువ కావొద్దు, కోళ్ళ మాంసానికి 28 రోజులకు తక్కువ కావొద్దు. ఇప్పుడు మీరే ఆలోచించండి సార్. బ్రాయిలర్ కోడి బతికేదే 40, 42 రోజులు. 28 రోజులు ఆగాలంటే పద్నాలుగో రోజు తర్వాత దానికి మందు సుక్క ముట్టియ్యొద్దు. గురక వచ్చేదేమో నెల దాటినంక. మరి రైతు ఏం చెయ్యాలె? ఆ 28 అనేది కోడిని చూసి పెట్టిన నంబర్ కాదు, ఎవరూ కొలవలేదు కాబట్టి భయానికి దూరంగ పెట్టిన నంబర్. అదే ఎన్రో లిక్విడ్‌కు యూరప్‌ల కొలిచి 7 రోజులని రాసిన్రు. 28కి 7కి మధ్యల నా బతుకు ఉన్నది. ఏడు రోజులంటే నేను ఏడుస్తనో మొత్తుకుంటనో ఆగుత, ఇరవై ఎనిమిది అంటే ఎవ్వడు ఆగడు, ఎవ్వడు ఆగనప్పుడు ఆ రూల్ అల్మారల ఉంటది, కోడి బండెక్కి పోతది.

మా బిడ్డ రాజేంద్రనగర్‌ల వెటర్నరీల పీజీ చేస్తున్నది, ఫార్మకాలజీ, అంటే మందుల సంగతి చదివే చదువు. ఈ సంగతి జరిగినంక నేను మనసుల పెట్టుకొని తిరుగుతుంటే 'నాయినా, ఒకసారి నువ్వే వచ్చి చూడు, మందు ఒంట్ల ఏమైతదో ఎట్ల కొలుస్తరో చూస్తే నీకు సమజైతది' అన్నది. పోయిన. ఆ ఒక్క రోజు చూసింది పదకొండేండ్లల్ల నాకు ఎవ్వలు చెప్పలే.

కోడికి మందు తాపితే పేగుల నుంచి రక్తంలకు పోతది, రక్తం నుంచి కార్జంలకు, అంటే లివర్‌లకు. కార్జం దాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టదు, విరుగగొడ్తది, ఇంకోటి అంటిస్తది, నీళ్ళల్ల కరిగేటట్టు చేసి బయటికి తోలాలని చూస్తది. ఎన్రోఫ్లాక్సాసిన్ అయితే అందుల కొంత విరిగి సిప్రోఫ్లాక్సాసిన్ అయితది. సిప్రో అంటే ఏందో అందరికీ ఎరుకే, విరేచనాలైతే మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే గోలి, అదే. అంటే కోడి ఒంట్ల ఎన్రో తగ్గిందని సంబరపడితే లాభం లేదు, అది విరిగి పుట్టింది కూడ మందే, మనుషులకు వాడే మందే. అందుకే యూరప్ లెక్కల ఎన్రో, సిప్రో రెండూ కలిపి చూస్తరు, కండల కిలోకు 100 మైక్రోగ్రాములు, కార్జంల 200, కిడ్నీల 300 దాటొద్దు. 100 మైక్రోగ్రాములంటే ఎంతనో నాకు అర్థం కాక అడిగిన, పది టన్నుల మాంసంల ఒక గ్రాము నాయినా అన్నది. పది టన్నులంటే దగ్గర దగ్గర నా షెడ్డుల కోళ్ళన్ని కదా అనిపించి అక్కడనే నిలబడిపోయిన.

కార్జం అంటే ఇంకో మాట యాదికొచ్చింది. మన ఇండ్లల్ల కోడి కోస్తే కార్జం ఎవలకు పెడ్తరు? పిల్లలకు. మా ఇంట్ల ఇప్పటికీ మనవడు కార్జం ముక్క కోసం గిన్నెల వెతుకుతడు. మందును విరుగగొట్టే జాగనే అది, మందు నిలిచే జాగ కూడ చానవరకు అదే. ఇది భయపెట్టేదానికి చెప్తలేను, కార్జం మంచి తిండి, కానీ శాంపిల్ తీసేటోళ్ళు ఛాతీ కండ ఒక్కటే తీసి బాగనే ఉన్నదని రాసి పోతే సరిపోదని చెప్తున్న.

ఇగ బయటికి వచ్చే తీరు. కోడికి మనలెక్క మూత్రం వేరే, మలం వేరే ఉండదు, మూత్రసంచే ఉండదు. రెండూ ఒక్క తొవ్వల వస్తయి, రెట్ట మీద తెల్లగ సున్నం లెక్క కనిపిస్తదే, అది మూత్రం. రోజూ ఊడ్చేటోనికే నాకు ఈ సంగతి తెల్వదు చూడండి. కాబట్టి మందు కిడ్నీల నుంచి ఎంత పోయింది, పిత్తం తోని పేగులల్లకు ఎంత పోయింది అని వేరు చేసి చెప్పాలంటే కష్టం, కొన్ని పరిశోధనలల్ల కోడికి ఆపరేషన్ చేసి పేగును పక్కకు తెరిచి రెండూ వేర్వేరుగ పడేటట్టు చేస్తరట. మొత్తం లెక్క తేలాలంటే మందు అణువుకే ఒక గుర్తు పెట్టి ఇస్తరు, కార్బన్-14 అని రేడియో యాక్టివ్ కార్బన్, ఆ గుర్తు ఎక్కడ ఉంటే మందో దాని ముక్కో అక్కడ ఉన్నట్టు. జాలీ పంజరంల కోడి, కింద ట్రే, రోజు రోజు రెట్ట తూకం వేసి ఫ్రీజర్‌ల పెడ్తరు, ఆఖరికి కండ, కార్జం, కిడ్నీ, తోలు కొవ్వు, గుడ్లు అన్ని తీసి కలుపుతరు. వంద పైసలు ఇస్తే వంద పైసల లెక్క రావాలె. రాకపోతే మిగిలింది ఎక్కడ దాక్కున్నదని వెతుకుతరు. ఇంటి ఖర్చు లెక్కలు చూసే ఆడవాళ్ళకు ఇది నాకంటే తొందరగ సమజైతది.

మా బిడ్డ చేసే పనిల ఆ రేడియో కార్బన్ లేదు, మామూలు పద్ధతే. నా ముందట చేసి చూపించింది. రెండు గ్రాముల కార్జం తూకం వేసి ట్యూబుల పెట్టింది, మిషన్‌తోని చట్నీ లెక్క చేసింది, అసిటోనైట్రైల్ అని ఘాటైన ద్రవం పోసి ఊపింది, గుండ్రంగ తిరిగే మిషన్‌ల పెడితే కార్జం గుజ్జు అడుక్కు పోయి పైన తేట నిలిచింది, ఆ తేటను గాలి పట్టి ఎండబెట్టి మళ్ళ కొంచెం ద్రవంల కరిగించి, వడగట్టి, చిటికెన వేలంత సీసాల నింపి పెద్ద మిషన్‌ల పెట్టింది. కొంచెంసేపటికి కంప్యూటర్ మీద గీత నడుచుకుంట పోయి ఒక చిన్న గుట్ట లేసింది, దాని ఎనుక ఇంకో పెద్ద గుట్ట. ముందల వచ్చింది సిప్రో, ఎనుక వచ్చింది ఎన్రో అన్నది. నాకు ఆ బండి పోయిన రాత్రి యాదికొచ్చింది సార్. నా 5,000 కోళ్ళల్ల ఒక్కటి తెచ్చి ఇక్కడ పెడితే ఆ గుట్టలు ఎంతెత్తు లేస్తుండెనో.

ఈ పరీక్షకు ముందుగాల మందు ఎన్నడూ ముట్టని కోడి కార్జం కావాలె. దాంట్ల తెలిసినంత మందు కలిపి, మిషన్ అందుల ఎంత పట్టుకుంటదో చూసుకుంటరు, వంద కలిపితే నలభై చూపిస్తే ఆ పద్ధతి పనికిరాదు. అట్లాంటి కోడి బజార్ల దొరుకుతదన్న నమ్మకం లేక వాళ్ళే కోడి పిల్లలను తెచ్చి మందు లేకుంట పెంచుకున్నరు. ఈ మాట వింటే పెంచేటోన్ని నాకే గుండెల కలుక్కుమన్నది.

రోజుల లెక్క ఎట్ల తేలుతదంటే, చాన కోళ్ళకు ఒకే తీరు మందు ఇచ్చి, ఆపినంక కొన్నిటిని మొదటి రోజు, కొన్నిటిని మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు అట్ల కోసి చూస్తరు. మందు దిగేది సగం సగం లెక్కన దిగుతది, కొన్ని గంటలకు సగమైతది, మళ్ళ అన్ని గంటలకు అందుల సగం. ఐదు మాట్లు సగమైతే వందల మూడు మిగులుతది. ఇది వినంగనే ఇంతేనా, రెండు రోజులల్ల అయిపోతది గదా అన్న నేను. కాదు నాయినా, రక్తంల తొందరగ దిగుతది, కండల, కార్జంల, కిడ్నీల పట్టుకున్నది నెమ్మదిగ వదులుతది, ఆఖరు ముక్కనే సతాయిస్తది అన్నది. ఇంకో పెద్ద మాట కూడ చెప్పింది. సగటు కోడిని చూసి రోజులు రాయొద్దట. పది కోళ్ళల్ల తొమ్మిది నాలుగు రోజులకు తేట అయి ఒక్కటి ఏడు రోజులు పడితే, ఆ ఒక్కటి తిన్నోనికి సగటుతోని ఏం పని? అందుకే యూరప్‌ల నూటికి 95 కోళ్ళు హద్దు కిందికి వచ్చినయని 95 శాతం నమ్మకంతోని చెప్పగలిగే రోజునే తీసుకుంటరు. అంటే లేబుల్ మీద ఆ చిన్న నంబర్ వెనుక అంత పని ఉంటది. ఆ నంబర్ నీళ్ళకు చెరిగిపోయే ఇంకుతోని రాస్తున్నరు మన దగ్గర.

అన్ని మందులు ఒక్క తీరు ఉండయి. టెట్రాసైక్లిన్ జాతి మందులు కార్జంల పెద్దగ విరగయి, చానవరకు ఉన్నది ఉన్నట్టే రెట్టల వస్తయి, కానీ కాల్షియం తోని దోస్తీ చేసి ఎముకల కూసుంటయి, ఆ ఎముకను యూవీ లైట్ కింద పెడితే పసుపుగ మెరుస్తది. ఈకలల్ల కూడ ఉంటయి, కండల నుంచి పోయినంక చాన రోజులు. కోలిస్టిన్ అయితే పేగుల నుంచి రక్తంలకే సరిగ పోదు, కాబట్టి మాంసం టెస్ట్ చేస్తే దొరకకపోవచ్చు, కానీ పేగుల సూక్ష్మజీవులు దానికి అలవాటు పడి మొండికేస్తయి, మనుషులకు ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆఖరికి వాడే మందు అది, అందుకనే 2019 జూలైల కేంద్రం దాన్ని పశువులకు, కోళ్ళకు వాడొద్దని బంద్ పెట్టింది. ఎన్రోను అమెరికా 2005లనే కోళ్ళకు ఆపేసింది, అక్కడ సమస్య మాంసంల మిగులు కాదు, సూక్ష్మజీవులు మొండిగ మారుడు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టింది పాత పసుపుపచ్చ పొడి. మా కంటే ముందు కోళ్ళు పెంచిన పెద్దోళ్ళకు ఫ్యూరాజోలిడోన్ ఎరుకే, కోడి పిల్లలకు తెల్ల పారుడు వస్తే దాణల కలిపేది. అది ఒంట్ల పడంగనే గంటల మీద విరిగిపోతది. మందు కోసం వెతికితే మర్నాటికి దొరకదు, రిపోర్ట్ తేట. కానీ విరిగిన ముక్క మాంసంల ప్రోటీన్‌కు అతుక్కొని వారాల తరబడి ఉంటది, ఉడికించినా పోదు. ల్యాబుల అసలు మందును వదిలిపెట్టి ఆ ముక్కనే వెతుకుతరు, యాసిడ్‌ల రాత్రంత నానబెట్టి ప్రోటీన్ నుంచి ఊడగొట్టి మరీ పట్టుకుంటరు. మందు ఒంట్ల ఎట్ల విరుగుతదో ముందు ఎవరో ఓపికగ చూసిన్రు కాబట్టే దేని కోసం వెతకాలెనో తెలిసింది. లేకపోతే వందేండ్లు టెస్ట్ చేసినా అంత మంచిగనే ఉన్నదని రిపోర్ట్ వచ్చేది.

ఇక్కడ మన ఉత్తర తెలంగాణ నుంచే ఒక సంగతి చెప్పాలె. బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద రాబందులు ఉన్నయని 2013ల బయటపడ్డది, వాటిని కాపాడే పని మొదలుపెట్టిన్రు, మీ పేపర్ల కూడ వచ్చింది. ఆ పక్షులు దేశం మొత్తం మీద ఎందుకు సచ్చినయి? పశువులకు నొప్పికి ఇచ్చిన డైక్లోఫెనాక్. ఆ పశువు సచ్చిపోతే దాన్ని తిన్న రాబందు ఆ మందును ఒంట్ల నుంచి తేల్చుకోలేదు, కిడ్నీలు పాడై లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్ పేరుకుంటది. 2004ల అసలు కారణం తేలింది, 2006ల పశువులకు ఆ మందు బంద్ అయింది. అదే జాతి మందు మెలోక్సికామ్‌ను రాబందుల మీద పరీక్ష చేసి చూస్తే ఏం కాలే, దాన్ని వాడుమన్నరు. రెండూ నొప్పి మందులే, ఒకటి పక్షి ఒంట్ల నిలుస్తది, ఒకటి దిగుతది. కొలిచేదాక ఎవ్వలకు తెల్వదు.

ఇప్పుడు అసలు నా బాధ. ఈ రోజుల లెక్కలు ఎక్కడో చల్లటి దేశంల, మంచిగున్న కోళ్ళ మీద చేసినయి, మన కాడికి వస్తే అట్లనే ఉంటయని ఏం నమ్మకం? మా షెడ్డు మే నెలల చూడాలె మీరు. పైన రేకు, గడ్డి కప్పి నీళ్ళు చల్లుతుంటం, బయట 44, 45 ఉంటది. కోడి మేత ముట్టదు, నోరు తెరిచి రొప్పుకుంట నీళ్ళే తాగుతది. మామూలుగ తిన్న మేత బరువుకు రెండింతలు నీళ్ళు తాగే కోడి ఎండకు ఇంకా చాన ఎక్కువ తాగుతది. మేము మందు లీటర్ లెక్కన కలుపుతం, అంటే కోడి ఒంట్లకు పోయేది కిలోకు 10 మిల్లీగ్రాములు కాదు, ఎంతనో దేవునికెరుక. ట్యాంకు కడిగినా పైపులల్ల జిడ్డు పట్టి ఉంటది, మందు ఆపిన తెల్లారి కూడ కోళ్ళు నీళ్ళు తాగే నిప్పల్ నుంచి కొంత వస్తనే ఉంటదేమో. పరీక్షల కోడి జాలీ పంజరంల ఉంటది, రెట్ట కిందికి పడిపోతది. మా కోడి ఊక మీద ఉంటది, రోజంత అదే ఊకను పొడుస్తది, రెట్టల వచ్చిన మందును మళ్ళ మింగుతది. నైకార్బజిన్ అనే కాక్సీ మందుతోని (కాక్సీ అంటే కోళ్ళకు వచ్చే నెత్తుటి పారుడు రోగం), సల్ఫా మందులతోని ఇట్ల జరుగుతదని చూసిన్రు, ఊక మీద పెరిగిన కోళ్ళల్ల మందు దిగుడు ఆలస్యమైతది. ఇంకొకటి, మన దిక్కు దాణల మక్కలే ముఖ్యం, వానల తడిసిన మక్కలకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ వస్తది, అది కొట్టేది కార్జాన్నే. కార్జం దెబ్బతిన్న కోడి మందును మంచిగున్న కోడి లెక్క విరుగగొడ్తదా? రోగం వచ్చిన కోడికే గదా మేము మందు ఇచ్చేది.

గుడ్ల సంగతి ఇంకా నాజూకు. మా బావమరిది పరకాల దిక్కు లేయర్లు, అంటే గుడ్ల కోళ్ళు పెంచుతడు, ఆయన మాట ఏందంటే, బ్రాయిలర్‌ను వారం ఆపొచ్చు, రోజూ గుడ్డు పెట్టే కోడిని ఎట్ల ఆపుతవు అని. గుడ్డు తెల్ల సొన కొన్ని గంటలల్ల తయారైతది, పచ్చ సొన మాత్రం ఇంచుమించు పది రోజులు పొర మీద పొర నింపుకుంటది. కొవ్వుల కరిగే మందు ఆ పచ్చ సొనల పోయి కూసుంటే, మందు ఆపిన తొమ్మిదో రోజు పెట్టిన గుడ్డుల కూడ ఆనాటి పొర ఉంటది. మరి మన రూల్‌ల కొలవని మందుకు గుడ్లకు 7 రోజులు అని ఎట్ల సరిపోతది? యూరప్ 2022 సంది అమలు చేస్తున్న కొత్త చట్టంల, గుడ్ల కోళ్ళకు పర్మిషన్ లేని మందు వాడితే 10 రోజులకు తక్కువ కావొద్దని పెట్టింది. అంగన్‌వాడీలల్ల బాలింతలకు, బళ్ళల్ల పిల్లలకు గుడ్డు పెడుతున్నం, మంచి పని, ఇంకా పెట్టాలె, అందుకే ఈ ఏడు అనే నంబర్‌ను మళ్ళ ఒకసారి చూడుమని సంబంధిత అధికారులను మీ పేపర్ ద్వారా అడుగుతున్న.

కొందరు అంటరు, రైతులకు బుద్ధి ఉండాలె, నాలుగు రోజులు ఆగితే ఏం పోయింది అని. ఏం పోతదో చెప్త. 42 రోజుల కోడి రోజుకు దగ్గర దగ్గర 200 గ్రాముల దాణ తింటది, 5,000 కోళ్ళంటే రోజుకు ఒక టన్ను. ఐదు రోజులు ఆపితే ఐదు టన్నులు. ఆ వయసుల తిన్నదానికి తగ్గట్టు బరువు పెరగదు, ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరిగేదానికి ఎంత దాణ తిన్నదనే లెక్క, పాడైతది, అది పాడైతే నాకు కిలోకు ఇచ్చే పెంపకం కూలి కోస్తరు. ఎండాకాలమైతే ఆ ఐదు రోజులల్ల ఎన్ని సస్తయో. కోళ్ళు నావి కావు, దాణ నాది కాదు, మందు నాది కాదు, బండి ఎప్పుడు రావాలెనో నా చేతుల లేదు. మేడారం జాతర ఏడాది, దసరా ముందట రేటు లేస్తే బండి రెండు మూడు రోజులు ముందే వస్తది. నేరం మాత్రం చాయ్ హోటల్ కాడ నా మీద పడ్తది. మందు రాసినోడు, బండి పంపినోడు ఒకే కాగితం మీద సంతకం పెట్టాలె సార్, మందు పేరు, మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు, ఏ రోజు తర్వాత లిఫ్టింగ్ అని. ఆ కాగితం లేకుంట బండి గేటు దాటొద్దు. ఆగిన రోజుల దాణ భారం ఎఫ్‌సీఆర్‌ల కలపొద్దు. ఈ రెండు ఐతే నా లాంటోళ్ళు నూటికి తొంభై మంది ఆగుతరు, నేను రాసిస్త.

మందు ఒంట్ల నుంచి పోయిందంటే అది ఎటు పోయింది అన్నది కూడ చూడాలె, నేను దీని గురించి చాన చెప్పలేను గాని, బ్యాచ్ అయిపోంగనే ఊక, రెట్ట కలిపి ట్రాక్టర్ల మీద పసుపు చేన్లకు, మిరప చేన్లకు పోతది, కొందరు చేపల చెరువులల్ల కూడ వేస్తరు. నేను మందు ఇచ్చిన ఆ బ్యాచ్ ఎరువు మా పక్క చేను ఆయన కొన్నడు. దాంట్ల ఎంత ఉన్నదో ఆయనకు తెల్వదు, నాకూ తెల్వదు.

మనకు చదువుకున్నోళ్ళు లేరా అంటే ఉన్నరు. మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉన్నది, కోరుట్లల ఉన్నది, హైదరాబాద్‌ల కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ ఉన్నది, చెంగిచెర్లల మాంసం పరిశోధన సంస్థ ఉన్నది, హైదరాబాద్ దాకా పోవుడు కూడ అక్కరలేదు, మా ఇంటి నుంచి మామునూరు బండి మీద పోయి రావొచ్చు. కావాల్సింది ఏందంటే, మేము రోజూ వాడే ఏడెనిమిది మందులు తీసుకొని, మే నెలల ఒకసారి, వానకాలంల ఒకసారి, పంజరంల కాదు ఊక మీద, రైతు షెడ్డుల, నిప్పల్ నీళ్ళల్ల ఇచ్చి, ఆపినంక రోజు తప్పి రోజు కోసి కొలవాలె. వచ్చిన నంబర్‌ను తెలుగుల, పెద్ద అక్షరాలల్ల, నీళ్ళకు పోని ఇంకుతోని సీసా మీద వెయ్యాలె. లిఫ్టింగ్‌కు ముందు రెండు కోళ్ళు తీసుకపోయి ఇస్తే రెండు రోజులల్ల ఉన్నదా లేదా అని చెప్పే టెస్ట్ జిల్లాల దొరకాలె, దానికి అంత పెద్ద మిషన్ కూడ అక్కరలేదట, ముందు జల్లెడ పట్టే కిట్లు ఉంటయట, అందుల అనుమానం వచ్చినయే పెద్ద మిషన్‌కు పోతయి.

మీ పేపరోళ్ళకు కూడ ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఇక మీద చికెన్‌ల మందు దొరికిందని రాసేటప్పుడు ఏ మందు, ఏ భాగంల, ఎంత, హద్దు ఎంత అని నాలుగు ముక్కలు కూడ రాయండి. 'యాంటీబయాటిక్స్ ఉన్నయి' అంటే జనం కోడి మానేసుడో, లేకపోతే పట్టించుకోకుండుడో చేస్తరు, నంబర్ చెప్తే అడుగుడు నేర్చుకుంటరు.

ఇప్పుడు నా షెడ్డుల బ్యాచ్‌కు 31వ రోజు నడుస్తున్నది. ఇప్పటిదాకా గురక లేదు. గోడ మీద సున్నంతోని గీతలు గీసి, ఏ రోజు ఏం ఇచ్చిన్నో రాసి పెట్టుకున్న, 9వ రోజు కాక్సీ మందు, మూడు రోజులు, అంతే. సూపర్‌వైజర్ చూసి నవ్విండు గాని చెరపలే. మా షెడ్డు తూర్పు దిక్కు 500 కోళ్ళు పట్టే ఒక పార్టిషన్ ఉన్నది, దానికి ట్యాంకు వేరే, పైపు వేరే. మామునూరు కాలేజోళ్ళు గాని ఇంకెవలన్నా గాని కొలుస్తమని వస్తే వచ్చే మే బ్యాచ్‌ల ఆ పార్టిషన్ వాళ్ళకు ఇస్త, ఊక, కరెంటు నావే, కోళ్ళను పొద్దుమాపు చూసుకుంట, రెట్ట తూకం కూడ నేనే వేసి పెడ్త. కంపెనీతోని నేను మాట్లాడుకుంట.

ఇట్లు
ఒక బ్రాయిలర్ రైతు
గీసుగొండ మండలం, వరంగల్ జిల్లా